పంటి కింద మోటారు

వీధి చివర మోటార్ వైండింగ్ షాపు బోర్డు మీద షాపు పేరు కంటే పెద్ద అక్షరాలతో ఒక మాట ఉంటుంది: "మార్చే ముందు వినిపించండి." ఇరవై ఆరేళ్ళ కిందట మేస్త్రి దగ్గరుండి రాయించిన మాట అది. తర్వాత మూడుసార్లు రంగు వేయించాడు గానీ మాట మార్చలేదు. దాని కింద షాపు పేరు కూడా ఉంది. అదేంటో వీధిలో ఎవర్నడిగినా చెప్పలేరు.

ఆయన్ని అందరూ చెవి మేస్త్రి అనేవారు. ఫ్యాను తెచ్చినా, మిక్సీ తెచ్చినా, నీళ్ళ మోటారు తెచ్చినా, ఆయన ముందుగా స్క్రూడ్రైవర్ పట్టుకోడు. ప్లగ్గు పెట్టి, స్విచ్చేసి, కళ్ళు మూసుకుని, పాట వింటున్నవాడిలా తల ఓ పక్కకి వాలుస్తాడు. అరనిమిషం అంతే. "వెనక బుష్ పోయింది, ముందుది బానే ఉంది" అంటాడు. విప్పి చూస్తే, ఇరుసుని పట్టుకుని ఉండే వెనక బుష్ అరిగిపోయి ఉంటుంది, ముందుది బాగానే ఉంటుంది. కొత్తది కొనేద్దామని నిర్ణయించేసుకుని, పోయేదేముంది ఓ మాట అడుగుదామని వచ్చినవాళ్ళు కూడా పాతదే చంకలో పెట్టుకుని ఇంటికి పోయేవారు. కొత్త సామాన్ల కొట్లకి ఆయన ఇలా చేసిన నష్టం తక్కువేం కాదు. ఆ కొట్ల యజమానుల్లో ఒకాయన మాత్రం తన ఇంట్లో ఫ్యాను ఆగిపోయినప్పుడు దాన్ని గోనెసంచిలో చుట్టి, ఎవరూ చూడకుండా పట్టుకొచ్చాడు.

అలాంటి మనిషికి చెవులు తగ్గాయి.

ఒక్కరోజులో కాదు. రెండేళ్ళ కిందట మొదలైంది. ముందు సన్న శబ్దాలు పోయాయి. గుడగుడలు, బరబరలు ఉన్నాయి, కీచులూ ఈలలూ ఎటో వెళ్ళిపోయాయి. మనుషుల మాటలు చాలావరకు బాగానే అందేవి. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. ఆయనా చెప్పలేదు. వంటవాడు తన నాలుక చచ్చిందని పెళ్ళివాళ్ళకి చెప్పుకుంటాడా?

చెప్పకపోగా ఒక పద్ధతి కనిపెట్టాడు. ఎవరైనా మిషను తెస్తే, "అది ఎలా అరుస్తోందో మీరు నోటితో అరిచి చూపించండి" అనేవాడు. మనిషి గొంతు మోటు గొంతు. మిషను ఎంత సన్నగా అరిచినా మనిషి దాన్ని అనుకరిస్తే లావుగానే వస్తుంది. అది మేస్త్రికి వినబడేది. జనం మొదట సిగ్గుపడ్డారు. తర్వాత, పెద్ద పనివాళ్ళ పద్ధతులు ఇలాగే ఉంటాయి కాబోలు అనుకున్నారు. రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన ఉన్నాడు. ముప్పై నాలుగేళ్ళు పిల్లల్ని నోరుమూయించడమే ఉద్యోగంగా బతికిన మనిషి. ఆయన షాపు ముందు బెంచీ మీద మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుని మిక్సీలా అరిచాడు. మేస్త్రి సాంతం విని, "ఇది రెండో స్పీడు కదండీ, మూడో స్పీడులో ఎలా ఉంటుంది?" అన్నాడు. హెడ్మాస్టరు గొంతు సవరించుకుని మూడో స్పీడులో అరిచాడు.

ఇలా రెండేళ్ళు నెట్టుకొచ్చాడు. పెద్దగా తప్పులేం పోలేదు. మోటార్లకైనా మనుషులకైనా రోగాలు నాలుగైదే, మిగతాదంతా మూలుగు.

ఇక ఏసీ సంగతి.

మేస్త్రి ఇంటి మేడ మీద ఒక గది, వంటగది, బాల్కనీ ఉన్నాయి. అద్దెకిస్తారు. ఆ గదిలో ఏసీ వయసు పద్నాలుగేళ్ళు. ఏదో బ్యాంకులో పాతవి తొమ్మిది తీసేస్తుంటే మేస్త్రి వెళ్ళి, ఒక్కోదాన్నీ నడిపించి, ఒక్కోదాని ముందూ కళ్ళు మూసుకుని నిలబడి, ఐదోది ఎంచుకున్నాడు. దీని గొంతు బాగుంది అన్నాడు. బ్యాంకు మేనేజరు అర్థం కాకపోయినా తలూపాడు. బ్యాంకులో నాలుగేళ్ళు నడిచింది, ఇక్కడ పదేళ్ళు. ఈ పదేళ్ళలో రెండుసార్లు గ్యాసు నింపారు, ఒకసారి కాయిల్‌కి అతుకేశారు. ఆ మాత్రం ఎవరికైనా ఉంటుందని మేస్త్రి వాదన.

ఆ గదిలో అద్దెకుండేది ఒక నర్సు. పెద్దాస్పత్రి ఛాతీ వార్డులో రాత్రి డ్యూటీ. పొద్దున ఎనిమిదిన్నరకి ఇంటికొచ్చి, కిటికీలకి నల్లగుడ్డలు లాగి, ఏసీ వేసుకుని పడుకుంటుంది. మేస్త్రిని బాబాయ్ గారూ అంటుంది, ఆయన భార్యని పిన్నిగారూ అంటుంది. గొంతు పెంచడం ఆమెకి తెలీదు. అలాంటి మనిషి ఎండలు మొదలైన నెలలో ఒకరోజు కిందికొచ్చి, ఏసీ అరుస్తోందని, నిద్ర పట్టడం లేదని చెప్పింది.

మేస్త్రి పైకెళ్ళాడు. వెనకాలే భార్య కూడా వెళ్ళింది. నర్సు ఏసీ వేసింది. మేస్త్రి కళ్ళు మూసుకుని తల పక్కకి వాల్చాడు. చల్లగాలి మొహానికి తగిలింది. లోపల్నుంచి మెత్తగా గుయ్యిమంటోంది. ఎంచుకున్న రోజు ఎలా ఉందో అలాగే ఉంది గొంతు. లేనిపోని అనుమానం అమ్మా, అందామని కళ్ళు తెరిచాడు. ఎదురుగా భార్య రెండు చెవుల్లోనూ వేళ్ళు పెట్టుకుని నిలబడి ఉంది. నర్సు కళ్ళు చికిలించుకుని గోడవైపు తిరిగి ఉంది.

మేస్త్రి నోట్లో మాట నోట్లోనే తిప్పేశాడు. "ఊఁ, ఉంది" అన్నాడు.

"ఉండటమేంటండీ," అంది భార్య, "పంటి కింద ఇసక నలిగినట్టు ఉంటేనూ."

అప్పటిదాకా సన్న శబ్దాలే పోయాయనుకున్నాడు. ఇద్దరు మనుషుల్ని గోడకి తిప్పే శబ్దం కూడా పోయిందని ఆరోజే తెలిసింది. మెట్లు దిగుతూ పిట్టగోడ మీద చెయ్యి వేసుకుని దిగాడు. ఎప్పుడూ వేసేవాడు కాదు.

ఆ మర్నాటి నుంచి రిపేరు మొదలైంది. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఏ శబ్దాన్ని ఆపాలో తెలీకుండా ఆపడానికి ప్రయత్నించడం, ఎవర్ని వెతుకుతున్నామో తెలీకుండా జాతరలో వెతకడం లాంటిది. మేస్త్రి స్క్రూలు బిగించాడు. నర్సు మొహం చూశాడు. కనుబొమ్మలు ముడుచుకునే ఉన్నాయి. వెనక రబ్బరు ముక్కలు పెట్టాడు. మళ్ళీ మొహం చూశాడు. ముడి కాస్త వదులైనట్టు కనబడితే ఆశపడ్డాడు. అది ఆవలింత. మిషన్ని వదిలేసి ఆమె కనుబొమ్మల్నే మీటరు చేసుకుని నాలుగుసార్లు పని చేశాడు. పాపం ఆమె కూడా పన్నెండు గంటల డ్యూటీ చేసొచ్చి, మీటరులాగే కదలకుండా కూర్చునేది.

మూడోసారి వెళ్ళినప్పుడు అలవాటు కొద్దీ అరిచి చూపించమన్నాడు. నర్సుకి అరవడం చేతకాలేదు. తన వృత్తి భాషలో చెప్పింది. గాలి వదిలేటప్పుడు ఈల వస్తోంది, అప్పుడప్పుడు పిల్లికూతలు, ఇదే మా వార్డులో అయితే మంచం తల వైపు ఎత్తి, ఆక్సిజన్ పెట్టి, డాక్టర్ని పిలుస్తాం అంది. మేస్త్రి శ్రద్ధగా విని నూనె వేశాడు.

నూనె రెండురోజులు పనిచేసింది.

మూడోరోజు ఆమె కిందికొచ్చి, ఆస్పత్రి దగ్గర ఒక గది చూశానని, నెలాఖరులోగా వాళ్ళకి ఏదో ఒకటి చెప్పాలని చెప్పింది. కోపంగా చెప్పలేదు. ముందు రోజు రాత్రి ఆరో మంచం జ్వరాన్ని తొమ్మిదో మంచం కాగితంలో రాసిందట. ఆఖరి నిమిషంలో చూసి కొట్టేసిందట. "ఏసీ కోసం కాదు బాబాయ్ గారూ, నిద్ర కోసం" అంది.

దాంతో ఇంట్లో రణం మొదలైంది. భార్య మాట ఒక్కటే: మార్చెయ్యండి. మంచి పిల్ల, మళ్ళీ అలాంటి పిల్ల దొరకదు, ఉన్నప్పుడు ఉన్నట్టు కూడా తెలీదు, పండు ముసలి ఏసీ కోసం బంగారం లాంటి మనిషిని పోగొట్టుకుంటారా అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. మేస్త్రి నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. పైకి మాత్రమే. లోపల కక్కలేడు, మింగలేడు. వినకుండా మార్చేస్తే బోర్డు మీది మాట ఆయన్నే చూసి నవ్వుతుంది. మార్చకుండా ఉంచితే నర్సు వెళ్ళిపోతుంది, ఎందుకెళ్ళిందని నలుగురూ అడుగుతారు, సొంత ఇంట్లో కీచు పట్టుకోలేని మేస్త్రి మన మిక్సీలో ఏం పట్టుకుంటాడని ఐదోవాడు అంటాడు. ఆ ఐదోవాడి గురించే ఆయన భయం.

భార్య ఊరుకునే రకం కాదు. మేస్త్రి దగ్గర ఒకప్పుడు పని నేర్చుకుని, ఇప్పుడు సొంతంగా ఏసీల వ్యాను పెట్టుకున్న శిష్యుడికి కబురు పెట్టింది. అతన్ని వీధిలో గ్యాసు అంటారు. ఏ ఏసీకి ఏమొచ్చినా గ్యాసు అయిపోయింది అంటాడు కాబట్టి. అతను వచ్చి, మూత తీసి, గొట్టాల మీద వేలు పెట్టి చూసి, గ్యాసు అయిపోయింది అన్నాడు. అతుకేసిన కాయిల్ మళ్ళీ కారుతోందని, ఇంత పాతదానికి కాయిల్ ఎక్కడా దొరకదని, దీనికి పెట్టే ఖర్చుతో కొత్తదాంట్లో సగం వస్తుందని, కరెంటు కూడా కలిసొస్తుందని చెప్పాడు. అన్నీ సబబైన మాటలే. కానీ వాడికి తుమ్మొచ్చినా గ్యాసే అంటాడని మేస్త్రి కొట్టిపారేశాడు. శిష్యుడు నొచ్చుకోలేదు. ఇరవై ఏళ్ళుగా ఆయన కొట్టిపారేసినవన్నీ ఏరుకునే అతను వ్యాను కొనుక్కున్నాడు.

ఐదోసారి మేస్త్రి స్టూలు ఎక్కి మూత విప్పుతున్నప్పుడు, నర్సు ఒళ్ళు వెచ్చగా ఉందని చంకలో థర్మామీటరు పెట్టుకుంది. కాసేపటికి అది కీ కీ మని మోగింది. నర్సు మేస్త్రి వైపు చూసింది. ఆయన మూతతో కుస్తీ పడుతున్నాడు. ఆమె థర్మామీటరు తీసి, లేచి, ఆయన వెనగ్గా వెళ్ళి, దాన్ని ఆయన చెవి పక్కన పెట్టి మళ్ళీ మోగించింది. ఆయన ఇంకో స్క్రూ విప్పాడు.

ఆమె థర్మామీటరు పెట్టెలో పెట్టేసింది. ఆయన మూత బిగించి కిందికి దిగుతుంటే మెట్ల మీద సగం దాకా వచ్చింది.

"ఎన్నాళ్ళ నుంచి బాబాయ్ గారూ?"

"పద్నాలుగేళ్ళమ్మా. బ్యాంకులో నాలుగు, మన దగ్గర పది."

"నేనడిగేది ఏసీ సంగతి కాదు."

మేస్త్రి మెట్టు మీద కూర్చున్నాడు. స్క్రూడ్రైవర్ని ఒళ్ళో అడ్డంగా పెట్టుకున్నాడు. కింద వీధిలో ఎవరో సైకిల్ మీద పోతూ గంట కొట్టారు. నర్సుకి వినబడింది.

"రెండేళ్ళు," అన్నాడు.

గురువారం గురువారం తమ ఆస్పత్రిలో చెవులు చూస్తారని, తను దగ్గరుండి తీసుకెళ్తానని ఆమె చెప్పింది. మేస్త్రి ఒప్పుకోలేదు. అక్కడ చీటీలు రాసే మనిషి తన షాపులోనే ఫ్యాను బాగుచేయించుకున్నాడు, పొద్దున చీటీ రాస్తే సాయంత్రానికి వీధంతా చదువుతుంది అన్నాడు. గోడలకి చెవులుంటాయంటారు. ఆ లెక్కన ఆ వీధిలో చెవుల్లేనిది ఆయనొక్కడికే. మీ పిన్నికి చెప్పకు అన్నాడు. నర్సు చెప్పనంది. అయితే నెలాఖరు మాత్రం నెలాఖరే, దాన్ని నేను జరపలేను అని కూడా అంది. రోగి చెయ్యి నిమురుతూనే సూది గుచ్చేవాళ్ళుంటారు. ఆమె ఆ కోవ.

నెలాఖరుకి మూడు రోజులుందనగా, పొద్దున తొమ్మిదింటికి, షాపులో కూర్చున్న మేస్త్రికి తన ఇంటి ముందు గ్యాసు వ్యాను ఆగడం కనబడింది. వ్యానులో కొత్త అట్టపెట్టె ఉంది. ఎవరు తెప్పించారో అడగక్కర్లేదు. చేతిలో ఉన్న రాగితీగ చుట్ట అక్కడే పడేసి ఇంటికి నడిచాడు. పరిగెత్తలేదు గానీ, షాపుకి తాళం వెయ్యలేదు.

ఆయన పైకి వెళ్ళేసరికి శిష్యుడు స్టూలెక్కి పాత ఏసీ మీద రెండు చేతులూ వేసి ఉన్నాడు. భార్య కింద నిలబడి జాగ్రత్తలు చెబుతోంది. డ్యూటీ దిగి అప్పుడే వచ్చిన నర్సు, కుర్చీలో సంచి ఒళ్ళో పెట్టుకుని, కూర్చునే కునుకు తీస్తోంది.

"ఆగరా," అన్నాడు మేస్త్రి.

భార్య అడ్డం తిరిగింది. మీరు విన్నది చాలు, నెల రోజులు విన్నారు, ఇక ఆ పిల్ల గదిలో ఒక్కరోజు కూడా ఇది అరవడానికి వీల్లేదు అంది. మేస్త్రి వాదించలేదు. తీసేద్దువుగాని, తీసేముందు ఒక్కసారి వెయ్యి, వింటాను అన్నాడు. నా మిషన్నే నేను వినకుండా దించేస్తే రేపు ఆ బోర్డు కింద ఏ మొహంతో కూర్చోవాలి అని అడిగాడు. అడిగిన తీరుకి భార్య పక్కకి తప్పుకుంది. శవాన్ని మోసుకెళ్ళేటప్పుడు దింపుడు కళ్ళం ఆశ అని ఒకటుంటుంది, దాన్ని కాదనేవాళ్ళుండరు. శిష్యుడు స్విచ్చేశాడు.

మేస్త్రి స్టూలెక్కి మూత తీసి పక్కన పెట్టాడు. కళ్ళు మూసుకుని తల వాల్చాడు. గుయ్యిమని మెత్తటి శబ్దం. అంతే. ఇంకా విన్నాడు. ఇంకా అంతే. కళ్ళు తెరిస్తే ముగ్గురూ ఆయన వైపే చూస్తున్నారు. భార్య చెవుల్లో వేళ్ళు. శిష్యుడి చేతిలో పానా. నర్సు కునుకు మానేసి, ఈయన ఇప్పుడు ఏం అబద్ధం చెబుతాడా అన్నట్టు కాకుండా, చెప్పకపోతే బాగుండునన్నట్టు చూస్తోంది.

అప్పుడాయనకి తన గురువు గుర్తొచ్చాడు. నూలు మిల్లులో మెకానిక్కు. నాలుగొందల మిషన్లు ఒకేసారి మోగే చోట ఏ చెవీ పనికిరాదు. ఆ ముసలాయన మూరెడు స్క్రూడ్రైవర్ మొనని మిషనుకి ఆనించి, పిడిని పళ్ళ మధ్య కరిచిపట్టుకునేవాడు. పద్దెనిమిదేళ్ళ వయసులో మేస్త్రి అది చూసి నవ్వాడు. చెవుల్లేనివాళ్ళ తిప్పలు అనుకున్నాడు. చెవులున్న గర్వం అలాంటిది.

మేస్త్రి జేబులోంచి పొడుగు స్క్రూడ్రైవర్ తీశాడు. కర్ర పిడి. చొక్కాకి తుడిచాడు. మొనని లోపల గాలిమోటారు కుడి కొసకి ఆనించి, పిడిని కుడివైపు పళ్ళతో కరిచాడు.

గదిలో ఎవరికీ ఏం అర్థం కాలేదు. ముందుగా తేరుకున్నది భార్యే.

"చెవిటివాడి ముందు శంఖం ఊదితే, దాన్ని కొరుక్కు తినడం నీ తాత వల్ల కూడా కాదన్నాడట," అంది. "ఈయన కొరికేస్తున్నాడు."

శిష్యుడు నవ్వాడు. నర్సు నవ్వలేదు. మేస్త్రి కళ్ళు ఒక్క క్షణం నర్సు కళ్ళని కలిసి, మూసుకున్నాయి.

చెవి దారిన రానిది ఎముక దారిన వచ్చింది. పళ్ళలోంచి దవడలోకి, దవడలోంచి నడినెత్తిలోకి కీచుమని ఒక తీగలా దూసుకొచ్చింది. రెండేళ్ళయింది అది విని. తప్పిపోయిన మేనల్లుడు బస్టాండులో ఎదురైనట్టయింది ఆయనకి. మనిషి ఎంత చెడిపోయి ఉన్నాడన్నది తర్వాత సంగతి, ముందు గుర్తుపట్టాడు. మొనని ఎడమ కొసకి మార్చాడు. శుభ్రంగా ఉంది. మళ్ళీ కుడికి. కీచు. స్క్రూడ్రైవర్ నోట్లో ఉండగానే ఏదో అన్నాడు. ఎవరికీ తెలీలేదు. తీసి మళ్ళీ అన్నాడు.

"కుడి బుష్. అరగంట పని."

భార్య మొహంలో రంగులు మారాయి. శిష్యుడు స్టూలు కింద నుంచే, నేనూ అదే అనుకున్నాను గురువుగారూ అన్నాడు. అరగంట పనికి కొత్త ఏసీ దేనికని అట్టపెట్టె వైపు దిగులుగా చూశాడు. నర్సు మాత్రం, అయితే నేను పడుకోవచ్చా అని అడిగింది.

మేస్త్రి అక్కడితో ఆగి ఉంటే పాత ఏసీ గెలిచేది. బోర్డు గెలిచేది. చెవుల సంగతి కూడా ఇంకో రెండేళ్ళు దాగేది. కానీ చేతికి కొత్త బొమ్మ దొరికిన పిల్లాణ్ణి ఒక్కసారికే ఆపగలమా? ఆయన స్టూలు దిగి, నోరు తుడుచుకుని, బాల్కనీలోకి వెళ్ళి, బయటి యూనిట్ మూత తీసి, లోపలి కంప్రెషర్ డొప్పకి మొన ఆనించి కరిచాడు.

ఈసారి చాలాసేపు విన్నాడు. మొన జరిపి మళ్ళీ విన్నాడు. మొహంలో ఇందాకటి వెలుగు పోయి, తెలిసినవాళ్ళ ఎక్స్‌రే చూస్తున్నవాడిలా అయిపోయాడు. ఆ నున్నటి డొప్ప లోపల, మెత్తటి గుయ్యికి వెనక, ఏదో అరిగి వదులై కొట్టుకుంటోంది. టక్. కొంచెం ఆగి టక్ టక్. కంప్రెషర్ అంటే మూత పెట్టి అతికేసిన కుండ. దాన్ని విప్పి బాగుచేసేవాడు ఇంకా పుట్టలేదు.

శిష్యుడు వచ్చి డొప్పకి చెవి ఆనించాడు. బాగా వినపడే చెవి.

"నాకేం తెలియట్లేదు గురువుగారూ."

"నీకు తెలీదు. కరెంటు చూడు."

శిష్యుడు తీగకి మీటరు తగిలించాడు. డొప్ప మీద రాసున్న అంకె కంటే మీటరు అంకె ఎంతో ఎక్కువుంది. రెండుసార్లు చూసి, గురువు వైపు చూశాడు. గ్యాసు మాట ఎత్తలేదు.

మేస్త్రి స్క్రూడ్రైవర్ని చొక్కాకి తుడిచి జేబులో పెట్టుకున్నాడు. బుష్ మారిస్తే కీచు ఆగుతుంది, ఆ పిల్ల హాయిగా పడుకుంటుంది, ఎండలు ముదిరాక ఒకరోజు మధ్యాహ్నం ఇది నిద్రలో పోతుంది, ఆ రోజు ఎవరికీ నిద్రుండదు అని చెప్పాడు. తర్వాత, ఇరవై ఆరేళ్ళలో ఆ నోటి నుంచి శిష్యుడు ఎన్నడూ వినని మాట అన్నాడు.

"మార్చెయ్."

శిష్యుడు మళ్ళీ అడిగి ఖాయం చేసుకున్నాడు. మేస్త్రి విసుక్కున్నాడు. పని మొదలైంది.

కానీ భార్య బాల్కనీ గుమ్మంలోంచి కదల్లేదు. ఆవిడ చదువుకోలేదు గానీ లెక్కలు తప్పదు. ఇనుప డొప్ప లోపల, శిష్యుడి చెవికి కూడా అందని చప్పుడు పళ్ళతో విన్న మనిషికి, గది అదిరిపోయే కీచు నెల రోజులు చెవులతో ఎందుకు వినపడలేదు? అదే అడిగింది. మేస్త్రి జేబులో స్క్రూడ్రైవర్ని సర్దుకున్నాడు. నర్సు సంచిలో ఏదో వెతుక్కుంది. ఆవిడ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"ఈ అమ్మాయికి తెలుసా?"

"తనే కనిపెట్టింది," అన్నాడు మేస్త్రి. "రెండేళ్ళుగా కీచు శబ్దాలు వినపడట్లేదు. ఇప్పుడు మాటలు కూడా కొన్ని జారిపోతున్నాయి."

ఆవిడ నర్సు పక్కన కుర్చీలో కూర్చుంది. రెండేళ్ళుగా కుక్కరు కూత వేసినా లేవకపోవడం, పిలిచినా పలక్కపోవడం, చెప్పింది సగం విని సగం వదిలెయ్యడం, అన్నీ ఆవిడ కళ్ళ ముందు తిరిగాయి. పెళ్ళైన దగ్గర్నుంచీ నా మాట పెడచెవిన పెట్టే మనిషికి, అది ఎప్పుడు రోగంగా మారిందో నాకెలా తెలుస్తుంది అని నర్సుకి చెప్పుకుంది. అందులో న్యాయముంది.

తర్వాత మొగుడి వైపు తిరిగింది.

"అయితే ఈ రెండేళ్ళూ నేను చెప్పినవన్నీ మళ్ళీ చెప్పాలా?"

మేస్త్రి ఆలోచించాడు.

"అన్నీ వద్దు. ముఖ్యమైనవి చెప్పు."

మధ్యాహ్నానికి కొత్త ఏసీ గోడకెక్కింది. శిష్యుడు స్విచ్చేస్తే అందరూ ఊపిరి బిగబట్టి విన్నారు. ఏ శబ్దమూ లేదు. నడుస్తోందా అని భార్య అడిగింది. నడుస్తోంది, చల్లగాలి వస్తోంది చూడండి అన్నాడు శిష్యుడు. నర్సు చెవి ఒగ్గి విని, నాకూ ఏం వినపడట్లేదంది. మేస్త్రి గది మధ్యలో నిలబడి అందర్నీ కలియజూశాడు. రెండేళ్ళలో మొదటిసారి, ఒక గదిలో ఉన్న నలుగురికీ సరిగ్గా ఆయనకి వినబడినంతే వినబడింది.

నర్సు ఆస్పత్రి దగ్గరి గది వద్దని చెప్పేసింది. ఆ రోజు సాయంత్రం దాకా పడుకుని, డ్యూటీకి పరిగెత్తుకుంటూ పోయింది.

ఆయన భయపడిన ఐదోవాడు వారం లోపే వచ్చాడు. మిక్సీ బల్ల మీద పెట్టి, మేస్త్రీ, మీకు చెవులు వినపడవటగా అన్నాడు. మేస్త్రి అవునని చెప్పి, స్క్రూడ్రైవర్ పిడి కరిచి, మొన మిక్సీకి ఆనించి, ముందు బుష్ అన్నాడు. విప్పితే ముందు బుష్షే. ఐదోవాడు బుష్ వేయించుకుని వెళ్ళిపోయాడు. వీధి ఆయన పేరు మార్చింది, చెవి మేస్త్రి కాస్తా పంటి మేస్త్రి అయ్యాడు. పనిలో ఇంకేం మార్పు రాలేదు. నోటితో అరిచి చూపించమని ఇప్పుడాయన ఎవర్నీ అడగడు. హెడ్మాస్టరు మాత్రం అడక్కపోయినా అరుస్తాడు. ఆయనకి అలవాటైపోయింది, మేస్త్రి కూడా పెద్దమనిషని సాంతం వింటాడు.

బోర్డు అలాగే ఉంది.

గురువారం నాడు నర్సు, భార్య కలిసి ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళారు. చీటీ రాసే మనిషి ఫ్యాను బాగా తిరుగుతోందని చెప్పి చీటీ రాశాడు. చెవుల డాక్టరు చూసి, వయసుతో పాటు షాపు మోత కూడా కలిసిందని, పోయింది తిరిగి రాదని, చిన్న మిషను పెట్టుకుంటే ఉన్నదాంతో బండి నడుస్తుందని చెప్పాడు. మేస్త్రి బుద్ధిగా తలూపాడు. ఇప్పుడది ఇంట్లో పెట్టుకుంటాడు. షాపులో మోటార్ల మధ్య అది గోలగోలగా ఉంటుందని తీసి, బుష్‌ల డబ్బాలో భద్రంగా పెడతాడు.

ఆరోజు చెవుల గది నుంచి బయటికి రాగానే ఇంటికెళ్దామని భార్య లేచింది. మేస్త్రి కదల్లేదు. ఇంకో చీటీ రాయించమని నర్సుని అడిగాడు. దేనికని ఆమె అడిగితే, బుగ్గ మీద వేలు పెట్టి చూపించాడు. కుడివైపు కింద, స్క్రూడ్రైవర్ కరిచే చోట, ఒక పన్ను కదులుతోంది. చెవుల గది ముందు కూర్చున్న గంటలో లేని ఆదుర్దా ఇప్పుడాయన మొహంలో కనబడింది.

పళ్ళ డాక్టరు కుర్రవాడు. పన్నుని అటూ ఇటూ కదిపి చూసి, ఇది పాతబడిపోయింది, పీకేసి కొత్తది పెట్టేద్దాం అన్నాడు.

మేస్త్రి తన నోట్లోంచి ఆ చెయ్యి పక్కకి తీసి, ముందు రిపేరు సంగతి మాట్లాడమన్నాడు.